బేస్‌మెంట్‌లో డ్రైవాల్ అంచు, పక్కన చెక్క ప్యానెల్: ఏం చెయ్యాలి?

నరసన్నపేట:
అన్నలకి, అక్కలకి నమస్కారం. న్యూజెర్సీ వచ్చి మూడు నెలలైంది. అద్దె బేస్‌మెంట్‌లో ఒక గోడకి పాతకాలం చెక్క ప్యానెళ్లున్నాయి. పక్క గోడ నీళ్లు కారి పాడైతే ఓనరు కొత్త డ్రైవాల్ (జిప్సం బోర్డు) బిగించి, అంచు అలాగే వదిలేశాడు. తెల్ల పొడి రాలుతోంది. అడిగితే "నువ్వే చేసుకో" అన్నాడు. అతుకుల మీద వేసే టేపు, దాని మీద పూసే జాయింట్ కాంపౌండ్ ముద్ద కొన్నాను. చెక్క మీదకి కూడా టేపు వేసెయ్యొచ్చా?

చీపురుపల్లి:
ఆగు తమ్ముడూ. ముందు ఆ మాట మెయిల్లో రాయించుకో. నేనూ ఇలాగే ఫోన్లో "సరే" అన్నాడని వంటగదిలో బీడింగ్ (అంచున కొట్టే సన్న చెక్క పట్టీ) కొట్టాను. ఖాళీ చేసే రోజు ఓనరు టార్చిలైటు పట్టుకొని మోకాళ్ల మీద కూర్చొని మేకులు లెక్కపెట్టాడు. పదకొండు. మా ఆవిడ టీ ఇస్తే తాగి మరీ లెక్కపెట్టాడు! డిపాజిట్లో తొమ్మిది వందల డాలర్లు కోశాడు. న్యూజెర్సీలో 30 రోజుల్లోపు లెక్క రాసి మిగతాది తిరిగివ్వాలి. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు.

రాజాం:
బావగారూ, ఆ మేకుల కథ ఇది నాలుగోసారి. పైగా ఓనరు అదే ఇంట్లో ఉండి, అద్దె వాటాలు రెండుకి మించకపోతే, అద్దెకున్నవాళ్లు ముందుగా ఉత్తరం రాసి అడిగితేనే ఆ చట్టం వర్తిస్తుంది.

చీపురుపల్లి:
మా ఓనరు పక్క వీధిలో ఉండేవాడు. నాకు వర్తిస్తుంది.

బొబ్బిలి:
కుర్రాడు అడిగింది గోడ గురించి. చెక్క మీదకి టేపు వెయ్యకు బాబూ. మన ఊళ్లో శ్రావణంలో తలుపు పట్టేసి, మాఘంలో వదులైపోదూ? ఇక్కడా అంతే. వేసవి చెమ్మకి చెక్క ఉబ్బుతుంది, చలికాలం హీటర్‌కి ముడుచుకుంటుంది. టేపు అతికించావంటే మొదటి చలికాలానికే పగులుతుంది. రెంటికీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు ఉండాలి. జే బీడు (బోర్డు అంచుకి తొడిగే J ఆకారం పట్టీ) కొనకు, అది బోర్డు బిగించకముందే తొడగాలి. చింపేసే పట్టీ ఉన్న ఎల్ బీడు (L ఆకారంది) తీసుకో. బోర్డు అంచుకి పెట్టి కాంపౌండ్ మూడు పూతలు పల్చగా లాగు. ఆరాక పట్టీ చింపేస్తే చెక్కకి మరక అంటదు. మిగిలిన సందులో కాక్ (సందులు పూడ్చే మెత్తటి పేస్టు) నింపు.

పలాస:
అంత యాగీ ఎందుకు? సిలికాన్ కొట్టి, పైన క్వార్టర్ రౌండ్ బీడింగ్ పెట్టెయ్.

బొబ్బిలి:
సిలికాన్ మీద రంగు నిలవదండీ. పెయింట్ వేసుకోగల యాక్రిలిక్ కాక్ మాత్రమే వాడాలి. ఇక బీడింగ్‌కి మేకు ఎక్కడ కొడతాడు? ఉత్త డ్రైవాల్‌లో నిలవదు, వెనక స్టడ్ (గోడ లోపలి నిలువు చట్రం) దొరకాలి.

పలాస:
మా ఇంట్లో ఆరేళ్లుగా నిలిచింది.

రాజాం:
స్టడ్ తగిలి ఉంటుంది, మీకు తెలీదు. తమ్ముడూ, ఇల్లు 1978కి ముందుదైతే పాత రంగు గీకకు, అందులో సీసం ఉండొచ్చు. కొత్త బోర్డు వరకే గరుకు కాగితంతో సాండింగ్ చేసుకో, అదీ మాస్కు కట్టుకొని.

నరసన్నపేట:
ఇల్లు 1964లో కట్టిందట, గీకను. టేపు ముక్క అప్పుడే అతికించాను, ఇప్పుడే పీకేశాను. సందు కొలవడానికి కొలిచే టేపు లేక, అమ్మ ప్రయాణం రోజు చేతిలో పెట్టిన రూపాయి బిళ్లలు రెండు కలిపి దూర్చి చూశాను. సరిగ్గా పట్టాయి. శనివారం ఎల్ బీడు తెస్తాను.

చీపురుపల్లి:
మెయిల్ పెట్టావా?