అమ్మ కువైట్ సంగతి పుస్తకంలో రాయకూడదా?

లంకపిల్ల:
మాది అమలాపురం దగ్గర లంక ఊరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా పెంకుటిల్లు పోయింది. కౌలుకి చేస్తున్న తోటలో కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి. మరుసటేడు అమ్మ కువైట్ వెళ్ళింది. టైలరింగు షాపులో పని అని నాన్న ఊళ్ళో చెప్పుకున్నాడు. చేసింది ఇళ్ళల్లో పాచిపని, ఏడేళ్ళు. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. చిన్ననాటి సంగతులు పుస్తకంగా రాసుకుంటున్నాను. ఆ ఏడేళ్ళూ తీసెయ్యమని అన్నయ్య పట్టుబట్టాడు. "అమ్మ అంట్లు తోమిందని అచ్చేయిస్తావా?" అంటున్నాడు. తీసెయ్యాలా?

రాజోలువాసి:
పేర్లు మార్చెయ్యండి, సరిపోద్ది.

కాలవగట్టు:
ఏం సరిపోద్దండీ? లంక ఊళ్ళో పేరు మారిస్తే ఎవరికి తెలీదు? "కువైట్ వెళ్ళొచ్చినావిడ, రేవు పక్కిల్లు" అంటే పడవ నడిపేవాడు కూడా చెప్పేస్తాడు. మా బాబాయి షష్టిపూర్తికి తన జీవితం రాసి వంద కాపీలు పంచాడు. మా అమ్మ అలిగి పుట్టింటికెళ్ళి ఎనిమిది నెలలు రాలేదన్నది అందులో అరపేజీ. అబద్ధం కాదు. మా చెల్లికి తాంబూలాలు పుచ్చుకునే రోజున పెళ్ళివారి తరఫు పెద్దాయన ఆ పేజీ మడతపెట్టి జేబులో పెట్టుకొచ్చాడు. సంబంధం తప్పిపోయింది. అమ్మ మళ్ళీ బాబాయి గడప తొక్కలేదు. బతికున్న మా అమ్మే జవాబు చెప్పుకోలేకపోయింది, పోయినావిడ ఏం చెప్పుకుంటుంది?

పూతరేకు:
మీ బాబాయి కక్షతో రాశారేమో. ఈవిడ ప్రేమతో రాస్తున్నారు.

కాలవగట్టు:
ప్రేమతోనే రాశానని మా బాబాయీ అన్నాడు.

ప్లీడరుగుమాస్తా:
చట్టం సంగతి చెప్తాను. పోయినవాళ్ళ మీద రాసినా, బతికుంటే వాళ్ళ పరువు తీసేదై ఉండి, ఇంట్లోవాళ్ళని నొప్పించాలని రాస్తే పరువునష్టం నేరమే. పాత ఐపీసీ 499, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356. నిజమైతే చాలదు, పదిమంది మేలు కోసం రాశామని కూడా చూపించాలి. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకోటి చెప్పింది. పబ్లిక్ రికార్డులో ఉన్న సంగతి వేరు, ఒకరి కుటుంబం, పెళ్ళి, పిల్లల విషయాలు వాళ్ళు ఒప్పుకోకుండా అచ్చెయ్యకూడదంది.

పూతరేకు:
పాచిపని చెయ్యడం పరువు తక్కువని ఎవరన్నారు? 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు వితంతు వివాహాలు మొదలుపెడితే వంటవాళ్ళు రావడం మానేశారు. రాజ్యలక్ష్మి గారే వండి పెట్టారు, గోదావరి నుంచి నీళ్ళు మోశారు. ఇంటావిడ పని బయటికెందుకని అంతా ఊరుకుంటే అది మనదాకా వచ్చేదా?

కాలవగట్టు:
ఆవిడ ఊరందరి ఎదుటా మోశారు. దాచమని ఎవరితోనూ అనలేదు. లంకపిల్ల గారూ, ఒకటి అడుగుతాను. మీ అన్నయ్యకి ఏడేళ్ళూ అభ్యంతరమా, ఏదైనా ఒక ముక్క మీదా?

లంకపిల్ల:
ఒక వాక్యం దగ్గరే గొడవ మొదలైంది. "కాలవ అవతల అరెకరం తోట అమ్మ కువైట్ డబ్బుతో కొన్నదే" అని రాశాను. నాన్న పేరున కొన్నారు, తర్వాత అన్నయ్యకి రాసిచ్చారు.

కాలవగట్టు:
అదీ సంగతి. మీరు రాసేది పుస్తకం కాదమ్మా, పంపకాల కాగితం.

లంకపిల్ల:
మాట చూసుకోండి. నాకు సెంటు భూమి అక్కర్లేదు, కావాలంటే స్టాంపు పేపరు మీద రాసిస్తాను. ఆ తోట గేటు మీద నాన్న పేరు చెక్కించాడు అన్నయ్య. సెలవుకొచ్చినప్పుడు అమ్మ వేళ్ళ సందులన్నీ సబ్బునీళ్ళకి ఒరిసిపోయి ఉండేవి. పులుసు తగిలితే మంటని చెంచాతో తినేది. ఎదురుగా కూర్చుని చూశాను. ఆ చెయ్యి ఎక్కడా కనపడకుండా పోవాలా?

రాజోలువాసి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

కాలవగట్టు:
కాగితం అన్న మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ అన్నయ్య ఏమంటాడు, చట్టం ఏమంటుంది అని ఇంతసేపు మాట్లాడాం. అమ్మ ఏమనేదో ఎవరూ అడగలేదు.

లంకపిల్ల:
అమ్మ చెప్పింది. ఇక్కడ రాయకూడదనుకున్నాను. అప్పట్లో క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ళకిచ్చి పంపేది. ఒకదాంట్లో "నేనిక్కడేం చేత్తన్నానో ఎవరికీ చెప్పకండి, పిల్ల పెళ్ళయ్యేదాకా" అంది. నా పెళ్ళయి పదిహేనేళ్ళు.

పూతరేకు:
అయితే గడువు తీరిపోయినట్టేగా!

కాలవగట్టు:
గడువంటారేంటండీ. ఆ తల్లి భయపడి అన్న మాట అది, తేదీ వేసి అన్నది కాదు. లంకపిల్ల గారూ, మీకు ఆడపిల్లలున్నారా?

లంకపిల్ల:
ఒక పాప. పదమూడేళ్ళు.

కాలవగట్టు:
ఆ పిల్లకి వాళ్ళమ్మమ్మ గొంతు వినిపించారా?

లంకపిల్ల:
లేదండి. టేపు చిక్కుపడిపోయి చాన్నాళ్ళయింది. అమలాపురంలో క్యాసెట్లు బాగుచేసేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి.