నడిపినవాడి వాటా ఎంత? న్యూజిలాండ్ యాత్ర లెక్క తేలడం లేదు

ఓరుగల్లు బాటసారి:

వరంగల్‌లో కలిసి చదువుకున్న ఆరుగురం ఈ మార్చిలో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం చుట్టి వచ్చాం. క్రైస్ట్‌చర్చ్‌లో ఎనిమిది సీట్ల డీజిల్ వ్యాను అద్దెకు తీసుకున్నాం. టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్ చూసి, వానాకా నుంచి హాస్ట్ కనుమ దిగి, పడమటి తీరం వెంట పైకి వచ్చి, ఆర్థర్స్ పాస్ మీదుగా తిరిగి క్రైస్ట్‌చర్చ్ చేరాం. పది రోజులు, దాదాపు 1,900 కిలోమీటర్లు. అంత దూరమూ నడిపింది ఒక్కడే. అతన్ని ఇక్కడ సారథి అంటాను.

డబ్బుల లెక్క నా చేతిలో ఉంది. వ్యాను అద్దె, డీజిల్, అక్కడ డీజిల్ బళ్లకు కిలోమీటర్ల చొప్పున వేసే రోడ్డు పన్ను కలిపి 2,000 న్యూజిలాండ్ డాలర్లు దాటింది. ఇది చాలదన్నట్టు పుకాకి సరస్సు దగ్గర ఈదురుగాలికి ముందు తలుపు విరుచుకుపోయి కీలు వంగింది. బీమా ఉన్నా కొంత మొత్తం వరకు నష్టం మనమే భరించాలి, దాన్ని ఎక్సెస్ అంటారు. ఆ కింద 1,450 డాలర్లు సారథి క్రెడిట్ కార్డు నుంచి కోసుకున్నారు.

ఇప్పుడు తగువు ఇది. వాహనం ఖర్చు ఆరు భాగాలు చేయాలా, సారథిని మినహాయించి ఐదు చేయాలా? మాలో ముగ్గురు ఆరు అంటున్నారు, ఇద్దరం ఐదు అంటున్నాం. సారథి నోరు మెదపడం లేదు. అడగలేదు కదా అని ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మీరు ఎవరైనా ఇలాంటి లెక్క తేల్చి ఉంటే చెప్పండి.

సమభాగం:

ఆరు భాగాలే అండీ. మీ వీసా కాగితాలు ఒకరు చూసి ఉంటారు, గదులు ఒకరు వెతికి ఉంటారు, చీకటి పడ్డాక అందరూ మంచాల మీద వాలితే ఒకరు లేచి కుక్కర్ పెట్టి ఉంటారు. వాళ్లకేమైనా తగ్గించారా? నడిపినవాడికి తగ్గిస్తే వండినవాడికీ తగ్గించాలి. అలా మొదలుపెడితే ఆరుగురూ ఒకరికొకరు బిల్లులు రాసుకోవడమే మిగులుతుంది.

పదహారేళ్లుగా స్నేహితులతో ఊళ్లు తిరుగుతున్నాను. డబ్బు దగ్గర మనసులు విరగడం కళ్లారా చూశాను. సమానంగా పంచుకున్నచోట ఎప్పుడూ విరగలేదు. పైగా వాటా తగ్గించిన మరుక్షణం అతను మీరు పెట్టుకున్న డ్రైవరు అవుతాడు. ఇక్కడ ఆపు, అక్కడ తిప్పు అనే అధికారం మీకు వచ్చినట్టే. ఆ స్థానంలో నేనుంటే ఆ తగ్గింపు నాకు అవమానంగా తోస్తుంది.

కాంటర్‌బరీ తెలుగు:

క్రైస్ట్‌చర్చ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మనవాళ్లు వచ్చినప్పుడల్లా అనే మాట ఒకటుంది: ఇక్కడా ఎడమవైపే కదా, మనకు అలవాటే కదా అని. ఎడమవైపన్నది నిజమే. ఊరు దాటాక చాలా దారుల మీద గంటకు 100 కిలోమీటర్ల వరకు వెళ్లవచ్చు, కానీ అటొక వరుస, ఇటొక వరుస, మధ్యలో విభజన ఉండదు. ఎదురుగా వచ్చేవాడూ అదే వేగంతో వస్తుంటాడు. కొండ మలుపుల్లో నెమ్మదిగా వెళితే వెనక బళ్లు బారులు తీరతాయి, పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. ఒంటి వరుస వంతెనలు వస్తూనే ఉంటాయి. బోర్డు మీద ఎర్ర బాణం మనదైతే మనం ఆగాలి, ఎదుటివాడు దాటాలి. ఇవన్నీ చూసుకుంటూ ఉండాల్సిన కళ్లు ఒక్కరివే.

క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ ఒకవైపే 290 కిలోమీటర్లు, కనీసం నాలుగు గంటలు. టె అనావు దాటాక చివరి 118 కిలోమీటర్లు దక్షిణ ద్వీపంలోకెల్లా అందమైన దారుల్లో ఒకటి. అందులోనే హోమర్ సొరంగం ఉంది. 1935లో తవ్వడం మొదలుపెడితే 1954లో బళ్లకు తెరిచారు. కిలోమీటరుకు పైగా పొడవు, లోపల గరుకు రాతి గోడలు, మిల్‌ఫర్డ్ వైపు నిటారైన దిగుడు. ఎండలోంచి ఒక్కసారిగా ఆ చీకట్లోకి దూరితే కళ్లు సర్దుకోవడానికే కొన్ని క్షణాలు పడుతుంది. నేను ఇప్పటికి ఆరుసార్లు నడిపాను, ప్రతిసారీ బయటికొచ్చాక అరచేతులు తుడుచుకుంటాను.

సమభాగం గారూ, వంటకూ దీనికీ పోలిక కుదరదని నేను అనేది కష్టం ఎక్కువని కాదు. అద్దె ఒప్పందం మీద సంతకం అతనిది. వేగం జరిమానా పడితే అద్దెవాళ్లు ఇచ్చేది అతని పేరు. కార్డు అతనిది. ఇక్కడ ప్రమాదంలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చూసుకుంటుంది. 1974 నుంచి నడుస్తున్న పథకం, మనలాంటి పర్యాటకులకూ వర్తిస్తుంది. కానీ విరిగిన బండికి అది పైసా ఇవ్వదు. మనుషులకు ప్రభుత్వం పూచీ పడింది, బండికి పూచీ పడింది మీ సారథి ఒక్కడే. ఆ పూచీకి విలువ కట్టి తీరాలి. ఐదు భాగాలు.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. అతనికి పైన కూలి మాత్రం ఇవ్వకండి. డబ్బు తీసుకుని మనుషులను తిప్పాలంటే ఇక్కడ లైసెన్స్‌కు వేరే అనుమతి కావాలి. ఖర్చులు పంచుకోవడం వేరు, కూలి వేరు.

బాటసారి గారూ, రెండో డ్రైవరు పేరు ఎందుకు రాయించలేదు?

కృష్ణాతీరం:

నేను నడిపినదాన్ని. నలుగురు స్నేహితురాళ్లం వెళ్లాం, ఇదే దారి. అందుకే ఈ చర్చ చదువుతుంటే చేతులు ఊరుకోలేదు.

వానాకా నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ వెళ్లిన రోజు, 280 కిలోమీటర్లకు పైగా. కనుమ దిగేదాకా ఎండ. పడమటి తీరంలో అడుగుపెట్టగానే వాన, విజయవాడలో తుపాను రోజు కురిసే వాన లాంటిది. హాస్ట్ నది వంతెన 730 మీటర్లకు పైగా ఉంటుంది, అంత పొడవూ ఒంటి వరుసే. ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి మధ్యలో కాస్త వెడల్పు చోట్లు ఉంచారు. నేను వంతెన ఎక్కాను. అవతలి నుంచి దీపాలు కనిపించాయి. దూరం అంచనా అందలేదు. వెడల్పు చోటులో ఆపి, వైపర్లు కొట్టుకుంటుంటే ఎదురు బండి దాటేదాకా కూర్చున్నాను. కింద నది బూడిదరంగులో పరుచుకుని ఉంది. ‘చూశారా’ అందామని అద్దంలో చూస్తే ముగ్గురూ నిద్రలో ఉన్నారు. ఒకామె తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని.

నాకు కోపం రాలేదు. భయమేసింది. నేనూ ఒక్క రెప్పపాటు వాలిస్తే అని.

అన్నం మాడితే మళ్లీ వండుకోవచ్చు. వండిన మనిషి తనూ తింటుంది. నడిపిన మనిషికి కొండలు దొరకవు, తారు రోడ్డు దొరుకుతుంది. గిబ్స్టన్ లోయలో ముగ్గురూ ద్రాక్షతోటలో వైన్ రుచి చూశారు, నేను నీళ్లు తాగాను. అక్కడి పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, కానీ నేను ఆ లెక్కల జోలికే పోలేదు. ముగ్గురి ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి మరి.

తిరిగి వచ్చాక వాళ్లు నా వాటా తగ్గించారు. తీసుకున్నాను, సిగ్గుపడలేదు. అయితే ఆ డబ్బు కంటే నాకు కావాల్సింది పక్క సీట్లో మెలకువగా ఒక మనిషి. అది దొరకలేదు.

సమభాగం:

కృష్ణాతీరం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వంట పోలిక వెనక్కి తీసుకుంటున్నాను, అది తప్పు.

కానీ మీ చివరి మాటే నా వాదానికి బలం. మీకు కావాల్సింది తోడు, వాళ్లు ఇచ్చింది డబ్బు. కష్టానికి వెల కట్టేశాం అనుకున్నాక ఐదుగురూ హాయిగా నిద్రపోతారు. సమానంగా కట్టినవాళ్లకు ‘నేనూ ఏదో చేయాలి’ అన్న బాధ్యత మిగులుతుంది. అందుకే ఆరు భాగాలు చేయండి, నడపడం పంచుకోండి, పక్కన మెలకువగా కూర్చోవడానికి వంతులు వేసుకోండి.

బాటసారి గారూ, తలుపు గాలికి విరుచుకుపోయింది అన్నారు. తలుపు దానంతట అది తెరుచుకోదు కదా. తీసింది ఎవరు?

ఓరుగల్లు బాటసారి:

నేనే.

మౌంట్ కుక్ దారిలో పీటర్స్ లుకౌట్ అని ఒక మలుపు ఉంది. అక్కడి నుంచి పుకాకి సరస్సు పాలలో నీలిమందు కలిపినట్టు కనిపిస్తుంది, చివర 3,724 మీటర్ల ఔరాకి, అదే మౌంట్ కుక్ శిఖరం. ఆ రోజు మబ్బు లేదు. బండి ఇంకా పూర్తిగా ఆగకముందే నా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ‘ఆగరా, గాలి చూడు’ అన్నాడు సారథి. నేను వినలేదు. తలుపు నా చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు పోయింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత ఎంత నెట్టినా బెత్తెడు సందు మిగిలిపోయింది. సారథి తన తువ్వాలు మడిచి ఆ సందులో కూరి, టేపు అంటించాడు. మిగిలిన రోజులన్నీ ఆ సందులోంచి గాలి ఈల వేస్తూనే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు.

రెండో డ్రైవరు సంగతీ చెప్పాలి. రోజుకు 10 డాలర్లు అన్నారు, పది రోజులకు 100. మాలో ముగ్గురికి లైసెన్స్ ఉంది. ‘సారథి ఉన్నాడుగా’ అని కౌంటరు దగ్గర ఆ పద్దు కొట్టేయించింది కూడా లెక్క చూసే నేనే. పేరు రాయించని మనిషి నడిపితే బీమా చెల్లదని అక్కడే చెప్పారు. దాంతో మిగతా ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నట్టయింది.

మేడారం బండి:

నా చిన్నతనంలో మా ఊరి నుంచి మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టేవారు. మా నాన్న బండిలో మూడు కుటుంబాలు ఎక్కేవి. దారిలో నూనె, బియ్యం, బెల్లం అందరూ తలా ఇంత వేసుకునేవారు, మా నాన్న దగ్గర మాత్రం ఏమీ తీసుకునేవారు కాదు. ఎడ్లకు గడ్డి వాళ్లే తెచ్చేవారు. రాత్రి బండి సాగుతుంటే పెద్దవాళ్లలో ఒకరు నొగ దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉండేవారు, తోలేవాడికి కునుకు పట్టకుండా. మా నాన్నను ఎవరూ కూలివాడిగా చూడలేదు సమభాగం గారూ. జాతరలో మొదటి బెల్లం ముక్క ఆయనకే పెట్టేవారు. మీరు చెప్పిన తోడు, వీళ్లు చెప్పిన తగ్గింపు, రెండూ ఒకే బండిలో ఇమిడాయి.

కాంటర్‌బరీ తెలుగు:

బాటసారి గారి చేతిలోంచి తలుపు లాక్కున్నది వాయవ్యం గాలి. పడమటి తీరంలో వాన కురిపించి, కొండలు దాటి పొడిగా, వేడిగా మా వైపు దూకుతుంది. వెళ్లబోయేవాళ్లు ఎవరైనా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి: బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, కిటికీ కాస్త దించి గాలి చూడండి, తలుపును రెండు చేతులతో పట్టుకుని తీయండి, ఒకవైపువి మూసేదాకా రెండోవైపువి తీయకండి.

సమభాగం:

తలుపు డబ్బు పూర్తిగా మీది బాటసారి గారూ, అందులో ఆరూ లేదు, ఐదూ లేదు. వ్యాను అద్దె దగ్గర మాత్రం నా మాట మారదు. మేడారం బండి గారి నాన్నగారు సొంత బండి, సొంత ఎడ్లు తెచ్చారు. ఇక్కడ బండి అందరి డబ్బుతో అద్దెకు తెచ్చింది.

ఓరుగల్లు బాటసారి:

తలుపు 1,450 డాలర్లు నిన్న సారథికి పంపాను. మారు మాట లేకుండా తీసుకున్నాడు, అందుకు నాకు కాస్త ఊపిరాడింది.

తర్వాత ఈ చర్చ అతనికి చూపించాను. మొత్తం చదివి, ఐదా ఆరా అన్నది వదిలేసి హోమర్ సొరంగం గురించి మాట్లాడాడు. సొరంగం ముందు ఎర్రలైటు దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. కియా చిలుకలు బళ్ల మీద వాలి, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు పీకుతున్నాయి. మేం ఐదుగురం ఫొటోల కోసం దిగిపోయాం. లైటు ఎప్పుడు మారుతుందో అని అతను స్టీరింగ్ దగ్గరే ఉండిపోయాడు. ఇంజను ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా నల్లటి కొండగోడ మీద సన్నగా జారుతున్న నీటిధారలు లెక్కపెట్టాడట. పదిహేడు. ‘పది రోజుల్లో తీరిగ్గా తలెత్తి చూసింది అప్పుడే. మీరు తిరిగి రావడానికి ఇంకాస్త ఆలస్యమైతే బాగుండనిపించింది’ అన్నాడు.

ఆ ధారలు నా ఫోనులో వెతికాను. కియా ఫొటోలు నలభై ఉన్నాయి, కొండగోడ ఒక్క దాంట్లోనూ లేదు.

ఐదు భాగాలుగా లెక్క వేసి అందరికీ పంపాను. ఇద్దరు కట్టేశారు. మిగతా ఇద్దరు ఆరు అనే పట్టుదల మీదే ఉన్నారు, వాళ్లలో ఒకరు సమభాగం గారి మాటలు నాకే తిరిగి పంపారు. ఆదివారం హన్మకొండలో కలుస్తున్నాం. సారథి కూడా వస్తానన్నాడు. అక్కడికి బండి నేను నడుపుతాను.