మూడో తరగతికొచ్చినా గుండీలు పెట్టుకోలేడు, డిస్ప్రాక్సియా అంటున్నారు

కడప అమ్మ:
మావాడు ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. గుండీలు పెట్టుకోలేడు, సంగటి ముద్ద సగం ఒళ్లోనే పడుతుంది, అరపేజీ రాసేసరికి చెయ్యి నొప్పంటాడు. డాక్టరు డిస్ప్రాక్సియా అన్నారు. మా అత్తేమో గారాబం అంటుంది. పెద్దయ్యాక పోతుందా? పరీక్షల టెన్షన్ ఇప్పటి నుంచే పట్టుకుంది.

అనంతపురం స్కూటీ:
నాకూ ఉందక్కా, ముప్పై దాటాయి. చాలామందికి పూర్తిగా పోదు, దారులు వెతుక్కుంటాం. నేను గేర్ల బండి వదిలేసి స్కూటీ నేర్చుకున్నా. క్లాక్ టవర్ ట్రాఫిక్‌లోకి మాత్రం తీసుకుపోను! బాబుకి లేసుల్లేని వెల్‌క్రో బూట్లు కొనండి. "తొందరగా కానీ" అని మాత్రం అనొద్దు. ఆ మాట వింటే నా చేతిలో గ్లాసు ఇప్పటికీ జారుతుంది.

కర్నూలు థెరపిస్టు:
నేను ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స, చేస్తానమ్మా. దీనికీ తెలివికీ సంబంధం లేదు. కదలికలను మెదడు వరుసగా పేర్చుకోవడంలోనే ఇబ్బంది. బడి పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఉంటుందని అంచనా. ఏ పని రావాలో ఆ పనినే ముక్కలు చేసి నేర్పండి. గుండీలన్నీ మీరు పెట్టి చివరిది వాడికి వదలండి, అదొచ్చాక చివరి రెండు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిస్ప్రాక్సియాను అభ్యసన వైకల్యాల్లో పేరుపెట్టి చేర్చింది. వైకల్య సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగొచ్చు.

కడప అమ్మ:
చివరి గుండీ ఉపాయం రేపే మొదలుపెడతా సార్. సర్టిఫికెట్‌కి ఎక్కడ?

కర్నూలు థెరపిస్టు:
దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే స్వావలంబన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయండి. డాక్టరు చీటీ, బాబు నోటుపుస్తకాలు దగ్గరుంచుకోండి.