వేలాండ్ యుటిల్ హెడర్‌లోని లిస్ట్, అర్రే: మీకు ఎక్కడ దెబ్బ తగిలింది?

తెరచాప:
వేలాండ్ (లినక్స్‌లో ప్రోగ్రాములు తమ విండోలను తెర మీద చూపడానికి వాడే ప్రోటోకాల్) మీద ఒక చిన్న కంపోజిటర్, అంటే విండోలన్నింటినీ కలిపి తెర మీద చూపే ప్రోగ్రాము, రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లకు ముందుండే డబ్ల్యూఎల్ అనే అక్షరాలను ఇక్కడ వదిలేస్తున్నాను. విండో మూసినప్పుడు దాని స్ట్రక్చర్‌లోని లింకును (లిస్టులో పక్కవాటిని చూపే పాయింటర్ల జతను) లిస్ట్_రిమూవ్‌తో తొలగించి, ఆ తరువాత స్ట్రక్చర్‌ను ఫ్రీ చేస్తున్నాను. మామూలుగా ఇది సరిగ్గానే పని చేస్తుంది కానీ, విండో తెర మీదికి రాకముందే క్లయింటు (విండోను తెరిచిన ప్రోగ్రాము) నిష్క్రమిస్తే రిమూవ్ లోపలే సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని తాకినందుకు క్రాష్) వస్తోంది. స్ట్రక్చర్‌ను మెమరీని సున్నాలతో నింపి ఇచ్చే కాలాక్‌తోనే తీసుకున్నాను కనుక అందులో చెత్త విలువలు ఉండే అవకాశం లేదు. ఇటువంటివి ఎదురైనవారు తమ అనుభవాలు చెప్పగలరా?

నల్‌వాది:
అందులో సున్నాలు ఉండడమే మీ ఇబ్బందికి మూలం. ఇది వలయాకారపు డబ్లీ లింక్డ్ లిస్ట్. ఇందులో ఖాళీ అంటే నల్ (సున్నా పాయింటర్) కాదు, ముందున్నదాన్ని చూపే ప్రీవ్, తరువాతిదాన్ని చూపే నెక్స్ట్ రెండూ తామున్న లింకు చిరునామానే చూపడం. లిస్ట్_ఇనిట్ చేసే పని అంతే. రిమూవ్ ఫంక్షన్ ఏ పరీక్షా లేకుండా నేరుగా ప్రీవ్ చూపే చోటికి వెళ్ళి అక్కడి నెక్స్ట్‌ను మారుస్తుంది కాబట్టి, విండో ఏ లిస్టులోనూ చేరకముందే రిమూవ్‌ను పిలిస్తే నల్‌లో రాయబోయి పడిపోతుంది. స్ట్రక్చర్‌ను సృష్టించిన వెంటనే లింకును ఇనిట్ చేయండి. తన్ను తానే చూపుకునే లింకును రిమూవ్ చేసినా ప్రమాదం లేదు.

రిమూవ్ పూర్తయ్యాక ఆ లింకులోని రెండు పాయింటర్లనూ లైబ్రరీయే నల్ చేస్తుంది, కనుక రెండోసారి రిమూవ్ చేసినా క్రాషే. దీన్ని విసుక్కునేవారు ఉన్నారు గానీ, నా మట్టుకు ఇది మేలే: పక్కవాళ్ళ పాయింటర్లను చడీచప్పుడు లేకుండా చెడగొట్టడం కన్నా అక్కడికక్కడే పడిపోవడం నయం. లినక్స్ కెర్నెల్‌లోని లిస్ట్_డెల్ కూడా ఇదే ఉద్దేశంతో, నల్‌కు బదులు విషపు విలువలను (వాడబోతే పడిపోయే తప్పుడు చిరునామాలను) పెడుతుంది. ఒకే లింకు తొలగింపు రెండు దారుల్లో జరిగే వీలుంటే, మొదటి రిమూవ్ పక్కనే మళ్ళీ ఇనిట్ రాసుకోవాలి.

అర్రేబాధితుడు:
నాకు తగిలిన దెబ్బ ఇంతకన్నా మాయదారిది. అవుట్‌పుట్ల (మానిటర్ల) స్ట్రక్చర్లను నేరుగా ఒక అర్రేలో పెట్టుకున్నాను, ఒక్కొక్క స్ట్రక్చర్ లోపల విండోల లిస్టుకు హెడ్ (లిస్టు మొదలయ్యే లింకు) ఉండేది. అర్రే_యాడ్ తొలిసారి కనీసం 16 బైట్లు తీసుకుని, చాలనప్పుడల్లా రెట్టింపు చేస్తూ, మెమరీ సైజును పెంచే రీయాలాక్‌ను పిలుస్తుంది. ఒక మానిటర్ ఉన్నంతకాలం ఏమీ కాలేదు. రెండోది తగిలించగానే రీయాలాక్ మొత్తాన్ని మరో చోటికి మార్చింది. హెడ్‌లోని బైట్లు యథాతథంగా కాపీ అయ్యాయి, కానీ మొదటి విండో ప్రీవ్, చివరి విండో నెక్స్ట్ మాత్రం ఫ్రీ అయిపోయిన పాత చిరునామానే చూపుతూ ఉండిపోయాయి. క్రాష్ కూడా వెంటనే రాలేదు, చాలా సేపటి తరువాత సంబంధమే లేని మరో ఫంక్షన్‌లో వచ్చింది. మెమరీ తప్పులను పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపాకే అసలు చోటు దొరికింది. లిస్టులో చేరిన స్ట్రక్చర్‌కు చిరునామాయే గుర్తింపు, దాన్ని కదిలించకూడదు. ఇప్పుడు అర్రేలో పాయింటర్లను మాత్రమే ఉంచుతున్నాను.

అర్రే సైజు బైట్లలో ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. కీబోర్డ్ ఎంటర్ ఈవెంటులో (ఎంటర్ కీ కాదు, కీబోర్డ్ ఫోకస్ విండోకు వచ్చినప్పటిది) వచ్చే నొక్కి ఉన్న కీల అర్రేలో ఒక్కొక్కటి 4 బైట్లు. సైజునే కీల సంఖ్య అనుకుని లూప్ తిప్పితే హద్దు దాటి చదువుతారు. పైగా ఆ అర్రే హ్యాండ్లర్ ముగిసే వరకే మనది, తరువాత కావాలంటే అర్రే_కాపీ చేసుకోవలసిందే.

వినికిడి:
లిస్టు మీద లూప్ తిప్పే ఫర్_ఈచ్_సేఫ్ అన్న పేరును చూసి మోసపోయినవారిలో నేనూ ఒకణ్ణి. అది తరువాతి అంశాన్ని ముందే దాచుకుంటుంది గనుక ప్రస్తుత అంశాన్ని తొలగించడానికి మాత్రమే భద్రమైనది. ఒక సంఘటన జరిగిందని లిజనర్లకు (దాని కోసం నమోదైన హ్యాండ్లర్లకు) తెలిపే పాత సిగ్నల్_ఎమిట్ దీని మీదే నడుస్తుంది. నా డిస్ట్రాయ్ హ్యాండ్లర్ ఒకటి తనతో పాటు పక్కనున్న లిజనర్‌ను కూడా తొలగించి ఫ్రీ చేసేది. లూప్ దాచుకున్నది సరిగ్గా ఆ పక్కదాన్నే. ఆ తరువాత వచ్చిన ఎమిట్_మ్యూటబుల్ లిస్టులోకే తాత్కాలిక గుర్తు లిజనర్లను చొప్పించి నడుస్తుంది కాబట్టి, హ్యాండ్లర్లు ఎవరిని తొలగించినా తట్టుకుంటుంది.

నల్‌వాది:
నిజమే. ఫర్_ఈచ్ గురించి ఇంకొక్క మాట: వెతికినది దొరక్కుండా లూప్ ముగిస్తే వేరియబుల్ నల్ కాదు. హెడ్ చిరునామా నుంచి ఆఫ్‌సెట్ (స్ట్రక్చర్ మొదలు నుంచి లింకుకు ఉన్న దూరం) తీసేసిన, అసలు లేని ఒక స్ట్రక్చర్‌ను అది చూపుతుంది. ఫలితాన్ని వేరే పాయింటర్‌లో దాచుకోవాలి.

తెరచాప:
అందరికీ ధన్యవాదాలు. సృష్టించిన చోటే ఇనిట్ పెట్టాక, తెర మీదికి రాని విండోల క్రాష్ ఆగిపోయింది. నల్‌వాది గారి చివరి మాట చదివి వెతికితే, ఫోకస్ మార్చే ఫంక్షన్‌లో లూప్ తరువాత "నల్ అయితే వెనుదిరుగు" అని నేను రాసిన షరతు ఒకటి కనిపించింది. అది ఇంతవరకూ ఒక్కసారైనా నిజమై ఉండదు. దాన్ని ఇప్పుడే సవరిస్తున్నాను.