రాత్రిపూట జాగ్రత్త అని చెప్పడం కూడా బాధితురాలిని నిందించడమేనా?

ఇద్దరమ్మాయిల_నాన్న:
2011 జనవరిలో టొరంటోలోని ఓ లా కాలేజీకి భద్రత గురించి చెప్పడానికి వచ్చిన పోలీసు, అత్యాచారానికి బలి కాకూడదంటే ఆడవాళ్లు చెడిపోయినవాళ్లలా బట్టలు వేసుకోకూడదన్నాడు. ఏప్రిల్ 3న వేల మంది పోలీసు హెడ్‌క్వార్టర్స్ దాకా నడిచారు. అతను వాడిన 'స్లట్' (చెడిపోయినది) అన్న తిట్టునే తీసుకుని దానికి 'స్లట్‌వాక్' అని పేరు పెట్టారు. అదే ఏడాది జులై 31న ఢిల్లీలో అలాంటిదే 'బేషర్మీ మోర్చా' (సిగ్గులేనితనపు ర్యాలీ) జరిగింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మా పెద్దమ్మాయితో "పది దాటితే ఫోన్ చెయ్, నేనొచ్చి తీసుకొస్తా" అంటే, "నాన్నా, ఇదీ విక్టిమ్ బ్లేమింగే" అంటోంది. నా మాటా, ఆ పోలీసు మాటా ఒకటేనా?

సూటిగా:
ఒకటి కాదు బ్రదర్. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. ర్యాలీలు చూసి ఏ వెధవా భయపడడు. శిక్ష పడితేనే భయం. 2019 డిసెంబర్‌లో 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులను చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో చంపాక జనం పోలీసుల మీద పూలు చల్లింది ఊరికేనా?

నల్లకుంట_వాసి:
నాన్నగారూ, మీరు వెళ్లి అమ్మాయిని తీసుకురావడంలో తప్పేమీ లేదు. జరగరానిది జరిగాక "పదింటి దాకా బయట నీకేం పని" అని మొదటి మాటగా అడిగితే, అదీ నింద.

హైదరాబాద్‌లో మా పేటలోనే 1978 మార్చిలో జరిగింది చెప్తాను. రమీజాబీ భర్తతో కలిసి సినిమా చూసి రాత్రి ఇంటికి వెళ్తోంది. నల్లకుంట స్టేషన్ పోలీసులు ఆపి తీసుకెళ్లి అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే భర్త ఇదేమిటని అడిగితే కొట్టి చంపారు. జనం ఆయన శవాన్ని మోసుకుంటూ స్టేషన్ మీదికి వెళ్లారు, కాల్పులు జరిగాయి, నగరంలో కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. ఆ కమిషన్ ముందు పోలీసుల వాదన ఏమిటో తెలుసా? ఆమె వేశ్య అని! కేసు రాయచూరు కోర్టుకు మారింది, 1981లో అందరూ నిర్దోషులై బయటికొచ్చారు.

సూటిగా గారూ, శిక్ష అంటున్నారు కదా, శిక్ష తప్పించుకోవడానికి పోలీసులు వాడింది ఈ నిందనే. చట్టమే వీలిచ్చింది. సాక్ష్యాల చట్టం 155(4) కింద బాధితురాలి నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించవచ్చు. అది 2003లో గానీ పోలేదు. పోయిందంటే, రోడ్డెక్కిన ఆడవాళ్లు పాతికేళ్లు పట్టు వదలకపోవడం వల్లే. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం మొదలైంది కూడా 1978లోనే. 'ర్యాలీలతో ఏమవుతుంది' అంటే నాకు కోపం వస్తుంది.

సూటిగా:
మీరు చెప్పింది నలభై ఏళ్ల కిందటి మాట మేడమ్. ఇప్పుడు పోలీసులు అలా లేరు.

నల్లకుంట_వాసి:
మీరు పూలు చల్లారన్న కేసే తీసుకోండి. ఆ రాత్రి ఇంట్లోవాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే, ఎవరితోనో వెళ్లిపోయిందేమో అన్నారని, ఈ ఏరియా మాది కాదని తిప్పారని వాళ్లే చెప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఆమె చెల్లెలికి బదులు 100కి ఫోన్ చేసి ఉంటే బతికేదని అప్పటి రాష్ట్ర హోం మంత్రి అన్నారు. ఆకును తప్పుపట్టడం 2019లోనూ అయింది.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టర్‌ని ఆసుపత్రిలోనే అత్యాచారం చేసి చంపారు. 14వ తేదీ అర్ధరాత్రి బెంగాల్ అంతటా ఆడవాళ్లు రోడ్ల మీదికొచ్చి, రాత్రి మాది కూడా అన్నారు. తర్వాత అక్కడి ప్రభుత్వం ఆడవాళ్లకు వీలైనంత వరకు నైట్ డ్యూటీలు వేయొద్దంది. భద్రత ఇవ్వాల్సింది మీరు, ఆడవాళ్లను ఆపడమేంటని సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

మా డ్యూటీ రూమ్ తలుపుకు లోపల గడియ లేదు. కుర్చీ అడ్డం పెట్టి నడుం వాలుస్తాం. గడియ పెట్టించమంటే "ఇద్దరేసి ఉండండమ్మా" అన్నారు. బోల్టుకు వంద రూపాయలైనా అవుతుందో లేదో. నాన్నగారూ, మీ జాగ్రత్త మీద నాకు కోపం లేదు. ఇలాంటి జాగ్రత్తలంటేనే నాకు మంట.

ఇద్దరమ్మాయిల_నాన్న:
గడియ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయానమ్మా. అందరూ కలిసి సంతకాలు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. మా అమ్మాయి హాస్టల్లో తలుపులకు గడియలు ఎలా ఉన్నాయో ఈ రాత్రే అడుగుతాను.