అప్‌డేట్: మా చిట్టి మళ్లీ గడ్డి తింటోంది

పోయిన నెల అడిగాను కదా, మా కుందేలు గడ్డి మానేసి పెల్లెట్లు (కొట్లో దొరికే గుళికల మేత), క్యారెట్టే తింటోందని, దగ్గరికెళ్తే వెనక్కాలితో నేలను ఠపామని కొడుతోందని. "పొగరు కాదమ్మా, నొప్పి అయ్యుంటుంది, పళ్లు చూపించు" అన్నవాళ్లందరికీ దణ్ణం. అదే నిజమైంది.

కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమిలితేనే అరుగుతాయి. దీని కింది దవడ పళ్లు మొనదేలి నాలుకకి గుచ్చుకుంటున్నాయి. పశువుల డాక్టరు మత్తిచ్చి అరగదీశారు. రెండ్రోజులు సిరంజితో గుజ్జు పట్టించాం. పాపం, మొహం తిప్పేసుకునేది.

ఇప్పుడు పెల్లెట్లు రోజుకి రెండు చెంచాలే. క్యారెట్లో తీపెక్కువ, ఎప్పుడో ఒక చిన్న ముక్క. తిమోతి గడ్డి (కుందేళ్లకి పెట్టే ఒకరకం ఎండుగడ్డి) ఎప్పుడూ ముందుంటుంది, మందు కొట్టనిచోట కోసిన గరిక కడిగి పెడుతున్నా. మొన్న తెల్లారుజామున మంచం కింద కరకరమని నమిలే చప్పుడు వినపడితే కళ్లలో నీళ్లొచ్చేశాయి. మిరియాలంత అయిపోయిన పెంటికలు మళ్లీ శనగగింజంత గుండ్రంగా పడుతున్నాయి.

నేను వారం ఆగాను, అది తప్పే. మీ కుందేలు పూర్తిగా తిండి మానేస్తే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దు, పేగుల కదలిక ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది.

గడ్డం కింద ముట్టుకోనివ్వడం లేదింకా. తొందరపెట్టట్లేదు.