అప్‌డేట్: నాన్నగారి తెలుగు ఫైలు మళ్లీ తెరుచుకుంది

పోయిన నెల ఇక్కడ ఈ ఫైలు గురించి అడిగింది నేనే. మా నాన్నగారు 2006లో టైపు చేయించిన మా ఊరి గుడి చరిత్ర, వర్డ్ ఫైలు, కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు.

ఫైలు పాడవలేదండీ. పాలకొల్లులో ఒక డీటీపీ షాపాయన వర్డ్‌లో ఫాంటు పేరు కనిపించే డబ్బా చూసి, "ఇది అను ఫాంటు బాబూ, యూనికోడ్ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. (యూనికోడ్ అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. అను ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ఆకారాలు పెడతారు, ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గుర్తులే.) మీలో ఒకరు చెప్పిందీ అదే, నేనే నమ్మలేదు. ఆయన దగ్గరున్న ఆ ఫాంటు వేయగానే తెలుగు కనిపించింది. కానీ వాట్సాప్‌లో పేస్టు చేస్తే మళ్లీ అదే పిచ్చి. అప్పుడు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడాం. నూటికి నూరుపాళ్లు రాదు: "కొబ్బరి" కాస్తా "కొబరి" అయింది. ఒత్తులన్నీ అమ్మ పక్కన కూర్చుని చదువుతుంటే రెండు రాత్రులు దిద్దాను.

వైరస్ స్కాన్ దండగ. గౌతమి అనే యూనికోడ్ ఫాంటు పెట్టడం కూడా అంతే (పేరుకు మన గోదారి పాయే, పాత ఫైలుకు మాత్రం పనికిరాలేదు).

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. పాత ఫైలు చెరపకుండా పక్కన ఉంచాను.